ఎండమడి – నీడమడి

మనుష్యునకు ఎండ హెచ్చైనచో నీడకు జరుగును. చలి వేసినచో ఎండకు వచ్చి నిలుచును. పశువు సైతము మిట్టమధ్యాహ్నమున మేత విడిచి చెట్టు క్రిందికి చేరును. మొక్కకు అట్టి స్వేచ్ఛ లేదు. దానిని ఎక్కడ నాటినచో అక్కడనే అది బ్రతుకవలెను; లేదా అక్కడనే చావవలెను. తన ప్రక్కన ఏ మొక్క ఉండవలెనో కోరుకొను హక్కు కూడ దానికి లేదు. కావున మొక్కను నాటువాడు దాని తరపున రెండు నిర్ణయములు చేయుచున్నాడు. మొదటిది చోటు, రెండవది పొరుగు. ఈ రెండింటిలో పొరపాటు జరిగినచో ఎంత నీరు పోసినను, ఎంత ఎరువు వేసినను ఫలితము దక్కదు.

ఒక ఉన్నత పాఠశాలలోని విద్యార్థులు డిసెంబరు నెలలో తోట వేసిరి. పాఠశాల ఆవరణమునకు దక్షిణపు హద్దుగా ఆరడుగుల ప్రహరీగోడ కలదు. ఆ గోడ ప్రక్కన, లోపలివైపు, నేల దినమంతయు చల్లగా నుండెను. అది చూచి వారు అచ్చట మడి చేసి ఫెర్ను మొక్కలను నాటిరి. ఆవరణము నడుమ గొప్ప మామిడిచెట్టు కలదు. దాని క్రింద కూర్చుండువారికి అందముగా నుండునని చెట్టు మొదట గులాబులను నాటిరి. వేసవి సెలవులలో సైతము వంతులు వేసికొని నీరు మోసిరి. ఒక్క దినమైనను తప్పలేదు. అయినను జూన్ నెలలో పాఠశాల తెరచునప్పటికి ఫెర్నుల ఆకులు అగ్గిలో పడినట్లు మాడిపోయి యుండెను. గులాబులు బ్రతికియున్నవి గాని, వాని కొమ్మలు సన్నగా సాగి, వెలుగువైపు ఒరిగి, ఒకటి రెండు పూవులు మాత్రమే పూచినవి.

బాలబాలికలకు దుఃఖము కలిగెను. అప్పుడు వారి ఉపాధ్యాయుడు, “నీరు పోయుటలో మీ లోపము లేదు. మీరు సూర్యుని అడుగక నాటితిరి. అదియే పొరపాటు” అనెను. ఆ మాటలోని అర్థమును మనమును తెలిసికొందము.

మొక్కకు ఆకు వంటయిల్లు వంటిది. ఆకులోని పత్రహరితము సూర్యకాంతిని గ్రహించును. ఆ కాంతిశక్తితో మొక్క వేళ్లు పీల్చిన నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలిపి పిండిపదార్థములను తయారుచేసికొనును. దీనినే కిరణజన్య సంయోగక్రియ యందురు. వెలుగు లేనిదే ఈ వంట సాగదు. అయినను అన్ని మొక్కలకును ఒకే పరిమాణములో వెలుగు అక్కరలేదు. బయలు ప్రదేశములందు పుట్టి పెరిగిన జాతులు ప్రచండమైన ఎండకు అలవడినవి. దట్టమైన అడవులలో పెద్ద వృక్షముల క్రింద పుట్టిన జాతులు కొద్దిపాటి వెలుగుతో తృప్తిపడుట నేర్చినవి.

ఈ భేదము ఆకులను చూచినచో కొంతవరకు తెలియును. ఎండలో పెరిగిన ఆకులు సాధారణముగా చిన్నవి, దళసరివి. నీడలో పెరిగిన ఆకులు వెడల్పైనవి, పలుచనివి. వెలుగు తక్కువైన చోట దానిని పట్టుకొనుటకు విశాలమైన ఆకు కావలెను గదా! ఒకే మామిడిచెట్టునకు పైకొమ్మ ఆకును, లోపలి నీడకొమ్మ ఆకును కోసి పోల్చిచూడుడు. ఈ తేడా మీ చేతికే తెలియును.

తగని చోట పడిన మొక్క తన బాధను తానే చెప్పును. నీడను కోరు మొక్కను ఎండలో ఉంచినచో దాని ఆకులు వెలవెలబోవును. అంచులు గోధుమరంగునకు తిరిగి మాడును. ఎండను కోరు మొక్కను నీడలో ఉంచినచో కణుపునకు కణుపునకు నడుమ దూరము పెరిగి, కాండము సన్నగా సాగి, వెలుగున్న దిక్కునకు వంగును, పూత తగ్గును. పాఠశాల తోటలో ఫెర్నులు మొదటి బాధను, గులాబులు రెండవ బాధను తెలిపినవి.

గులాబులు మామిడి నీడలో నాటుట తప్పని వెంటనే బోధపడును. ఫెర్నులను నీడలోనే నాటిరి గదా! అవి ఏల మాడవలెను? దీనికి సమాధానము ఆకాశములో కలదు.

తెలుగునేల యంతయు కర్కటరేఖకు దక్షిణముగా నున్నది. కావున సూర్యుడు సంవత్సరములో రెండుమార్లు మన నడినెత్తిమీదికి వచ్చును. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. అచ్చట మే రెండవ వారములో ఒకమారు, ఆగస్టు మొదటి వారములో ఒకమారు మధ్యాహ్నవేళ నిలువుకఱ్ఱకు నీడ పడదు. ఈ రెండు తేదీల నడుమ సూర్యుడు మధ్యాహ్నమున నడినెత్తికి ఉత్తరముగా నుండును. ఆ కాలములో ఉదయించుట మొదలు అస్తమించువరకు అతడు తూర్పుపడమరల గీతకు ఉత్తరపు వైపుననే సంచరించును. తక్కిన కాలములో మధ్యాహ్నసూర్యుడు దక్షిణమునకు వాలియుండును. డిసెంబరు 22వ తేది ప్రాంతమున హైదరాబాదులో మధ్యాహ్నసూర్యుని ఎత్తు సుమారు 49 డిగ్రీలు మాత్రమే. అప్పుడు ఆరడుగుల గోడ ఉత్తరదిశగా అయిదడుగులకు పైగా నీడను పఱచును.

పాఠశాల మడి ఆ గోడకు ఉత్తరపు ప్రక్కన ఉన్నది. డిసెంబరులో దానిపై నేరుగా ఎండ పడలేదు. మే నెల నడుమ నుండి దినమంతయు పడెను. రోహిణి కార్తెలో ఎండలు నిప్పులు చెరుగుచుండగా ఫెర్నులకు గోడనీడ ఒక్క అంగుళమైనను మిగులలేదు. విద్యార్థులు చూచిన నీడ నిజమైనదే. అది చలికాలపు నీడ. దానిని సంవత్సరమంతటి నీడ అనుకొనుట పొరపాటు.

కాబట్టి తోట వేయుటకు ముందు ఎండను కొలువవలెను. దీనికి విలువైన పరికరము లక్కరలేదు. మడి చేయదలచిన చోట ఒక కఱ్ఱను పాతుడు. ఉదయము 8 గంటలు మొదలు సాయంకాలము 5 గంటల వరకు గంటకొకమారు వచ్చి, దాని మొదట ఎండ పడుచున్నదో నీడ పడుచున్నదో వ్రాసికొనుడు. ఆరుగంటలు గాని అంతకు మించి గాని నేరుగా ఎండ పడినచో అది ఎండమడి. మూడు మొదలు ఆరుగంటల వరకు పడినచో అరనీడమడి. అంతకు తక్కువైనచో నీడమడి. ఈ లెక్కను డిసెంబరులో ఒకమారు, మార్చిలో ఒకమారు, జూన్‌లో ఒకమారు తీయవలెను. ఎండపడు వేళను కూడ గుర్తింపవలెను. గోడకు తూర్పున నున్న మడికి ఉదయపు లేతయెండ తగులును. పడమట నున్న మడికి నేలయు గాలియు కాగియున్న సమయమున ఎండ తగులును. రెండును మూడేసి గంటలే అయినను, మొదటిదానికి లేతమొక్కలు ఓర్చుకొనగలవు; రెండవదానికి ఓర్చుకొనుట కష్టము.

నీడలన్నియు ఒక్కటి కావు. గోడనీడ కాలమునుబట్టి జరుగును. మామిడినీడ ఏడాది పొడవునను దట్టముగా నుండును. పైగా దాని వేళ్లు క్రింది నేలలోని తేమను పీల్చుకొనును. మునగ, అవిసె వంటి చిన్న ఆకుల చెట్ల నీడ జల్లెడవంటిది. దానిగుండ వెలుగు చుక్కలు చుక్కలుగా జారును. నీడమొక్కలలో అనేకములకు ఈ జల్లెడనీడయే మిక్కిలి హితము.

చోటును గుర్తించిన పిమ్మట పొరుగును ఎన్నుకొనవలెను. ఒకే మడిలో రెండు మొక్కలను చేర్చుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ రెండింటికిని తగిన వెలుగు ఇచ్చట దొరకునా? రెండును ఒకే విధముగా నీరు కోరునా? ఒకదాని ఎత్తు, వేళ్లు రెండవదానికి అడ్డువచ్చునా? రెండును ఒకే సమయమున ఒకే చోటు కొఱకు పోటీపడునా?

నీటి విషయమును తేలికగా చూడరాదు. కలబందకు నేల ఆరుచుండవలెను. ఫెర్నునకు నేల ఎప్పుడును తడిగా నుండవలెను. ఈ రెండింటిని ఒక మడిలో నాటినచో నీరు పోసిన దినమున కలబందకు, మానిన దినమున ఫెర్నునకు కీడు చేసినట్లగును. తోటవాని దోషము లేకయే రెండింటిలో నొకటి చచ్చును.

ఎత్తు విషయమున మనకు సూర్యుడే దారి చూపును. వానకాలము ముగిసిన పిదప వేయు కూరమడిలో సూర్యుడు దక్షిణపు వైపున నుండును గనుక పొడవైన మొక్కలను ఉత్తరపు అంచున ఉంచవలెను. ఉత్తరమున చిక్కుడు పందిరి, నడుమ వంగ, టమాటా, దక్షిణపు అంచున కొత్తిమీర, మెంతి వేసినచో ఒకదాని నీడ మఱొకదానిపై పడదు. ఇదే వరుసను తలక్రిందులు చేసినచో చిక్కుడు పందిరి తన వెనుకనున్న మొక్కల ఎండను దొంగిలించును. మొక్కలు అవియే, నేల అదియే. వరుస మాత్రమే శత్రుత్వమును పుట్టించినది.

కాలభేదమునుబట్టి ఏర్పడు స్నేహమును మన రైతులు బాగుగా ఎఱుగుదురు. జొన్నలో కందిని కలిపి వేయుట మెట్టప్రాంతములలో పాతకాలపు పద్ధతి. తొలినెలలలో కంది నెమ్మదిగా పెరుగును. జొన్న వేగముగా ఎదిగి, పండి, కోతకు వచ్చును. జొన్న తొలగిన పిదప కంది కొమ్మలు చాచి ఆ చోటును ఆక్రమించును. జొన్న వేళ్లు పై మట్టిలో వ్యాపించును. కంది తల్లివేరు లోతునకు దిగును. ఒకే చేను రెండు పైరులకును చాలుటకు ఇదియే కారణము. నిజామాబాదు ప్రాంతమున పసుపు చేలలో మొక్కజొన్న వేయుటయు ఇట్టిదే. పసుపు తొమ్మిది నెలల వరకు నేలలో నుండును. మొక్కజొన్న దాదాపు మూడున్నర నెలలలో ఇంటికి చేరును. అంతవరకు దాని నీడ లేతపసుపునకు హాని చేయదు.

కొన్ని మొక్కలు పొరుగువానికి కావలి కాయును. టమాటా తోటలో బంతిని నాటుట అట్టిది. కాయతొలుచు పురుగు యొక్క తల్లిపురుగు బంతిమొగ్గలపై గ్రుడ్లు పెట్టుటకు మిక్కిలి ఇష్టపడును. అందుచేత 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతిని నాటుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇందులో ఒక మెలకువ కలదు. టమాటా నారు 25 దినములదైనచో బంతినారు 40 దినములది కావలెను. అప్పుడే రెండును ఒకే సమయమున పూతకు వచ్చును. బంతి ఆలస్యముగా పూచినచో కావలివాడు దొంగ పోయిన తరువాత వచ్చినట్లగును. బంతివేళ్లనుండి వెలువడు పదార్థములు నేలలోని కొన్ని జాతుల నులిపురుగులను కూడ అణచును. అయినను బంతిని మంత్రముగా భావింపరాదు. అది అన్ని తెగుళ్లను ఆపలేదు. ఏ మొక్క ఏ మేలు చేయునో, ఎందుచేత చేయునో తెలిసికొని నాటుటయే వివేకము.

ఇక నీడమడికి వచ్చుదము. నీడలో పొరుగును కూర్చుటకు మనకు గురువు తమలపాకు తోట. తమలపాకు తీగ అడవినీడకు చెందినది. దానికి తేమగల నేల, మెత్తని వెలుగు, ప్రాకుటకు ఆధారము కావలెను. మన ఆకుతోట రైతు ఈ మూడు అవసరములకు ఒకే పొరుగును ఎన్నుకొనెను. అదియే అవిసెచెట్టు. అతడు ముందుగా అవిసె విత్తులను వరుసలుగా విత్తును. అవి మొలచి కొంత ఎత్తు పెరిగిన పిమ్మట వాని ప్రక్కన తమలపాకు తీగముక్కలను నాటును. తీగ అవిసెను పట్టుకొని పైకి పోవును. అవిసె వేగముగా పెరుగు చెట్టు. దాని చిన్న ఆకులు ఎండను జల్లెడపట్టి పంపును. అది చిక్కుడు కుటుంబమునకు చెందినది గనుక దాని వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టునకు అందించును. అవిసె ఆకు పశువులకు మేతయగును. పూవు, లేత ఆకు మనుష్యులకు కూరయగును.

ఇంత మంచి పొరుగును కూడ రైతు దాని యిష్టమునకు విడిచిపెట్టడు. అవిసె కొమ్మలు దట్టమైనచో తోటలో గాలి ఆడక, తేమ ఆరక, ఆకునకు తెగుళ్లు సోకును. కొమ్మలను మితిమీరి నరికినచో ఎండతాకిడికి ఆకు పసుపువన్నెకు తిరుగును. ఆకు చెడినచో సంతలో దానిని కొనువారుండరు. ఆ కుటుంబపు జీవనమే కుంటుపడును. అందుచేత అతడు కాలమునుబట్టి అవిసె కొమ్మలను కత్తిరించుచు, వేసవిలో నీడను హెచ్చించి, వానలలో తగ్గించుచుండును. నీడయు నీరువలెనే కొలిచి ఇవ్వదగిన వస్తువని ఆకుతోట మనకు నేర్పుచున్నది.

ఈ పాఠమే మన్యములోను, కోనసీమలోను వేఱొక రూపమున కనబడును. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు ప్రాంతమున గిరిజన రైతులు సిల్వర్ ఓకు వంటి ఎత్తైన చెట్ల నీడలో కాఫీని పెంచుదురు. ఆ చెట్ల మ్రానులపైకి మిరియపు తీగలను ప్రాకింతురు. పైన చెట్టు, మ్రానుపై మిరియము, క్రింద కాఫీ – ఒకే నేలపై మూడంతస్తుల కాపురము. అరకు కాఫీకి 2019వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. గోదావరి జిల్లాలలో కొబ్బరితోటలలో కోకోను, అరటిని, కందను పెంచుదురు. కొబ్బరిచెట్లను ఇరువదియైదు అడుగుల ఎడముగా నాటుదురు గనుక వాని నడుమ వెలుగు జారును; ఆ అరనీడ కోకోకు అనుకూలము.

మీ యింటి పెరటిలో కొబ్బరితోట లేకపోవచ్చును. ఒక దొండపందిరి ఉండవచ్చును. దాని పైభాగము ఎండమడి; దాని క్రిందిభాగము నీడమడి. ఆ నీడలో అల్లము, పుదీన, చేమ వంటివి పెంపవచ్చును. ఇవి నీరు కోరును. దొండయు నీరు కోరును. ఒక్క కుండ నీరు పోసినచో పైవారికిని క్రిందివారికిని అందును. వేసవిలో బిందె నీటికి ఎదురుచూచు ఇంటికి ఇది చిన్న లాభము కాదు.

ఇప్పుడు మరల ఆ పాఠశాల తోటకు పోవుదము. విద్యార్థులు మాడిన ఫెర్నులను పెరికివేయబోయిరి. ఉపాధ్యాయుడు వారించి ఒక మొక్క మొదలును గోకి చూపెను. ఆకులు మాడినను లోపలి కాండము ఇంకను పచ్చగా నుండెను. వారు వానిని తీసి వరండా నీడలో కుండీలలో నాటిరి. కొన్ని చచ్చినవి, వానలు పడినంతనే తక్కినవి చుట్టలు చుట్టుకొన్న లేత ఆకులను విప్పినవి. గులాబులను మామిడి క్రిందినుండి తీసి బయలు మడికి మార్చిరి. మామిడి కొమ్మల అంచున, వెలుగు కొంత జారుచోట, పసుపు, కంద నాటిరి. చెట్టు మొదట మాత్రము ఏమియు నాటక, కూర్చుండుటకు బల్ల వేసిరి.

గోడప్రక్క మడి మిగిలెను. అది చలికాలమున నీడమడి, వేసవిలో ఎండమడి. దానికి తగిన మొక్క యేది? వారు కొంతకాలము ఆలోచించి, గోడకంటె ఒక అడుగు ఎత్తుగా పందిరి వేసి దొండను ప్రాకించిరి. పందిరి గోడను మించినది గనుక దొండతీగకు డిసెంబరులో సైతము ఎండ తగులును. తీగ క్రింద రోహిణి కార్తెలో సైతము నీడ ఉండును. అది అల్లుకొన్న పిమ్మట వరండాలోని ఫెర్నులలో కొన్నింటిని తెచ్చి దాని క్రింద నాటిరి. ఏ నీడకొఱకై వారు మొదట గోడను నమ్ముకొనిరో, ఆ నీడను ఇప్పుడు మఱొక మొక్క ఇచ్చుచున్నది.

నాటుటకు ముందు నేలను త్రవ్వుట అందఱును చేయుదురు. దానికంటె ముందు ఒక కఱ్ఱను పాతి, ఎండను లెక్కించి, ఏ మొక్క ఏ మొక్కతో కలిసి బ్రతుకునో ఆలోచించుట కొందఱే చేయుదురు. మొక్క నోరు తెఱచి అడుగలేదు. ఒక చోట నుండి మఱొక చోటికి నడువలేదు. దానికి బదులుగా ఆలోచింపవలసిన భారము నాటిన చేతిది.